సకారాలు వినపడని సిస్టమ్

జూన్ 4

మళ్ళీ బిగుసుకుపోయింది. డాక్టరమ్మ చదివి పంపిన చరిత్ర పుస్తకంలో నావికులు రేవు దాటకముందే తెర మీద బాణం కదలడం మానేసింది. ఆపి, మళ్ళీ పెట్టి, టీ తాగి, కప్పు కడిగి వచ్చి చూస్తే ఇంకా చక్రం తిరుగుతూనే ఉంది. పైగా మూలన అదే హెచ్చరిక: ఈ సిస్టమ్‌కి ఇకమీదట మరమ్మతులు రావు, కొత్తది వేసుకోండి. కొత్తది ఈ డబ్బాలో పట్టదు. పట్టినా నడవదు.

మా ఆవిడ "కొత్త కంప్యూటరు తెచ్చుకోండి" అంది. అందనే అనుకుంటున్నాను. లైబ్రరీలో ఉద్యోగం చేసే మనిషి. ఇంట్లో కూడా పక్కన ఎవరో చదువుకుంటున్నట్టే మాట్లాడుతుంది.

తెచ్చుకోను. ఇందులో సౌండ్ కార్డు నా చేత్తో బిగించుకున్నది. అంధుల కోసం మా సంస్థ చదివించిన పుస్తకాలన్నీ దీంట్లోంచే శుభ్రపడి బయటికి వెళ్ళాయి. చదివేవాళ్ళ ఊపిరి, గుటకలు, పేజీ తిప్పిన చప్పుడు, కుర్చీ కిర్రుమనడం, అన్నీ బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరేశాను. అలవాటైన చేట ఇది. చిల్లు పడితే పూడ్చుకోవాలి కానీ పారేస్తామా.

తోడల్లుడికి ఫోన్ చేశాను. కంప్యూటర్లు బాగుచేసే కొట్టు వాడిది.

జూన్ 6

వచ్చాడు. వస్తూనే డబ్బా మూత తీసి, లోపలి దుమ్ము చూసి దండం పెట్టాడు.

"అన్నయ్యగారూ, ఇది కంప్యూటరు కాదు. తవ్వకాల్లో బయటపడ్డ వస్తువు."

"నడుస్తుందా, నడవదా? అది చెప్పు."

"నడవకేం. నెత్తిమీద బరువు తగ్గించాలి, అంతే. లినక్స్ అనే సిస్టమ్ వేద్దాం. ఉచితం. ఎవరైనా విప్పి చూసుకోవచ్చు, తమకి కావలసినట్టు మార్చుకోవచ్చు. అందుకే ఎవరి ఇష్టం కొద్దీ వాళ్ళు ఒకటి చేసి పెట్టారు. ఇలాంటి ముసలి డబ్బాల కోసమే చేసిన తేలికవి బోలెడు."

"వాటిల్లో ఏది మంచిది?"

ఆ ప్రశ్న అడక్కూడదని నాకు తెలియదు. టీ చల్లారిపోయింది, మా ఆవిడ మళ్ళీ వెచ్చబెట్టి ఇచ్చింది, అదీ చల్లారింది. వాడికి వాటి మీద ఉన్న అభిమానం నాకు మనుషుల మీద కూడా లేదు. చివరికి మూడు పెన్‌డ్రైవ్‌లు చేతిలో పెట్టాడు.

"వెంటనే లోపల వేసెయ్యక్కర్లేదు. వీటి మీంచే నడిపి చూడండి. కొన్నాళ్ళు అద్దెకుండి, నచ్చితే ఇల్లు కొనుక్కున్నట్టు."

పేర్లు నోరు తిరగనివి. ఒకదాని మొదటి తెర మీద తాబేలు బొమ్మ ఉంది. ఒకదానికి పిచ్చుక, ఒకదానికి ఈక. నాకు అవే పేర్లు.

జూన్ 7

తాబేలు. పేరుకే. పాత సిస్టమ్‌తో పోలిస్తే పరుగే. సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేరు అందులోనే వచ్చింది, అదీ ఉచితమే, నేను ఇన్నాళ్ళూ వాడుతున్నదే. మీటలన్నీ ఎక్కడివక్కడే.

శబ్దం మాత్రం బాగోలేదు. డాక్టరమ్మ గొంతు మీద ఎవరో పల్చటి గుడ్డ కప్పినట్టుంది. 'సముద్రం' అంటే 'ముద్రం' అని వినిపిస్తోంది. 'సైన్యం' సగమే వస్తోంది. పాత సిస్టమ్‌లోనూ ఈమధ్య ఇలాగే ఉండేది, ముసలిదైపోయింది కదా అని సరిపెట్టుకున్నాను. కొత్తదానికేం రోగం?

తాబేలు వద్దు.

జూన్ 8

పిచ్చుక. ఇంత తేలికది ఉంటుందనుకోలేదు. మీట నొక్కి కుర్చీ సర్దుకునేలోపు సిద్ధంగా ఉంది. తెలుగే రాలేదు దానికి. వొత్తులు అక్షరాల కింద కూర్చోకుండా పక్కకొచ్చి నిలబడ్డాయి, బడిలో శిక్ష పడ్డ పిల్లల్లా. అది సరిచేసుకోవచ్చట.

శబ్దం ఇక్కడా అంతే. గుడ్డ తియ్యలేదు.

తోడల్లుడికి ఫోన్ చేస్తే, "సిస్టమ్ మారితే గొంతెందుకు మారుతుందండీ? కార్డు అదే, ఫైలు అదే" అన్నాడు. శబ్దం గురించి వాడికేం తెలుసు.

జూన్ 9

హెడ్‌ఫోన్ మార్చి చూశాను. తేడా లేదు. ఇదీ పాతదే కదా.

జూన్ 11

ఈక. కళ్ళకి హాయిగా ఉంది. అక్షరాలు చక్కగా, వొత్తులు బుద్ధిగా కింద ఉన్నాయి. అన్నిటికన్నా గొప్ప సంగతి, ఫ్యాను. ఇదివరకు డబ్బాలో ఫ్యాను కీచుమంటుంటే మా ఆవిడ ఈ గదిలోకి రావడానికే విసుక్కునేది. ఇప్పుడు అసలు తిరుగుతున్న జాడే లేదు. సిస్టమ్ తేలిక, పని తక్కువ, వేడి తక్కువ, ఫ్యాను హాయిగా పడుకుంది.

మా ఆవిడని పిలిచి, "చూశావా, ఎంత నిశ్శబ్దమో!" అన్నాను.

డబ్బా వంక చూసింది. నా వంక చూసింది. వంటింట్లోకి వెళ్ళిపోయింది. కొత్తది కొనక్కర్లేదని ఒప్పుకోవడం ఇష్టం లేదు మరి.

ఈకనే లోపల వేసేశాను. పాతది పోయింది.

జూన్ 13

తప్పెక్కడుందో దొరికింది. సిస్టమ్‌ది కాదు, డాక్టరమ్మది. ఈ పుస్తకంలో సకారాలు మింగేస్తోంది. కిందటిసారి ఇలా చదవలేదు. పళ్ళ డాక్టరు, పాపం, రోజంతా ఊళ్ళోవాళ్ళ నోళ్ళలోకి చూసి చూసి తన నోటి సంగతి మరిచిపోయినట్టుంది.

ఫర్వాలేదు, నేనున్నది ఎందుకు? ఈక్వలైజర్‌లో సన్నటి శబ్దాలుండే పై స్థాయిలు పెంచాను. ఇంకొంచెం పెంచాను. ఇంకొంచెం. అప్పుడొచ్చింది 'స'. 'సముద్రం'లోకి సముద్రం వచ్చింది.

పుస్తకంలో మొదటి సగం సంస్థకి పంపేశాను. పరీక్షలకి చదివేవాళ్ళు చరిత్ర కోసం ఎదురుచూస్తున్నారని ఇన్‌చార్జి మేడమ్ తొందరపెడుతోంది.

జూన్ 16

మా ఆవిడకి జ్వరం. థర్మామీటరు పెట్టి పక్కన కూర్చున్నాను. ఎంతసేపటికీ కూయదు. బ్యాటరీ అయిపోయినట్టుంది అన్నాను. తను తీసి, చూసి, "వందా ఒకటి" అని అంకె నా కళ్ళ ముందు పెట్టింది.

రేపు కొత్తది తేవాలి. ఈ రోజుల్లో ఏ వస్తువూ నాలుగు కాలాలు ఉండదు.

జూన్ 17

కొత్త థర్మామీటరు కూడా కూయడం లేదు. ఒకటే కంపెనీ సరుకు.

జూన్ 19

ఈమధ్య మా ఆవిడ ఏం చెప్పాలన్నా ఎదురుగా వచ్చి నిలబడుతోంది. దబాయిస్తున్నట్టు. ఏమిటది అంటే "ఏం లేదు" అంది.

జూన్ 24

ఇన్‌చార్జి మేడమ్ ఫోన్. చరిత్ర పుస్తకం మీద ఫిర్యాదు వచ్చిందట. వినేవాళ్ళలో ఒకావిడ, ఏదో ఆఫీసులో టెలిఫోన్ ఆపరేటరట, ఒక అధ్యాయం కూడా పూర్తిగా వినలేకపోయిందట. విద్యార్థులు కూడా తలనొప్పి వస్తోందని ఆపేస్తున్నారట.

"ఎందుకంటారు?" అని అడిగింది.

"చదివే ఆవిడ సకారాలు సరిగ్గా పలకడం లేదండి. నేను చేయగలిగింది చేశాను."

"కిందటి పుస్తకం బాగా చదివారు కదా?"

"గొంతులు మారతాయండి" అన్నాను.

ఉన్నమాటే చెప్పాను.

జూన్ 26

డాక్టరమ్మ ఫోన్ చేసింది. ఫోన్‌లో కూడా గొణుగుడే. రెండుసార్లు అడిగాక అర్థమైంది, ఫైలు తెప్పించుకుని విందట.

"నా గొంతు అంత ఘోరంగా ఉందా సార్? పాము బుస కొట్టినట్టుంది. నాకు తెలియనే తెలియదు. మీరు ముందే చెప్పాల్సింది."

"అలా ఏం లేదమ్మా, కాస్త నీళ్ళు తాగి చదవండి" అన్నాను.

"క్షమించండి. మీకు పని ఎక్కువ చేస్తున్నాను."

మంచి పిల్ల. ఫోన్ పెట్టేశాక పని చేయబుద్ధి కాలేదు. పాము బుస ఎక్కడుంది అందులో? ఆ అధ్యాయమే మళ్ళీ విన్నాను. నాకైతే ఇప్పుడే సరిగ్గా ఉంది.

జూన్ 29

ఈ ఈకలో ఏదో ఉంది. నేను వినేదొకటి, బయటికి పోయేదొకటి. తోడల్లుణ్ణి రమ్మన్నాను. మళ్ళీ తాబేలో పిచ్చుకో వేసేద్దామని.

గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏంటన్నయ్యగారూ ఆ కీచుమనడం? ఫ్యాను బేరింగు పోయింది. ఇలా ఎలా కూర్చుంటున్నారు గదిలో?"

"ఫ్యాను తిరగడం లేదుగా?"

నవ్వాడు. నేను నవ్వలేదని తనూ ఆపేశాడు. నా చెయ్యి పట్టుకుని డబ్బా వెనక పెట్టాడు.

గాలి. వెచ్చగా, జోరుగా, వేళ్ళ సందుల్లోంచి. చెయ్యి తీశాను. చెవి దగ్గర పెట్టాను. చెంపకి గాలి తగిలింది. శబ్దం లేదు.

గుమ్మంలో మా ఆవిడ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో.

తోడల్లుడు కొత్త ఫ్యాను తెస్తానని వెళ్ళిపోయాడు. టీ కూడా తాగలేదు.

జూన్ 30

ఏం చేయలేదు.

జూలై 1

ఏం చేయలేదు. ఫ్యాను మార్చి వెళ్ళాడు. మార్చాడో లేదో నాకెలా తెలుస్తుంది? మా ఆవిడ "ఇప్పుడు బాగుంది" అంది. ఎదురుగా నిలబడి.

జూలై 3

అడిగేశాను. "నీకెప్పట్నుంచి తెలుసు?"

"చాలా రోజులైంది. మీ వెనక నిలబడి పిలిస్తే పలకడం మానేసినప్పటి నుంచి."

"మరి చెప్పలేదే?"

"చెప్పాను. ఒకసారి కాదు. మీరు 'ఆఁ, ఆఁ, అలాగే' అన్నారు."

ఇద్దరం ఒకళ్ళనొకళ్ళం చూసుకున్నాం. ముందు తనకే నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. నేను ఇన్నాళ్ళూ ఈవిడ గొంతు తగ్గిందనుకున్నాను. తోడల్లుడిది, కొట్టువాళ్ళది, డాక్టరమ్మది, లోకం మొత్తం గొంతు తగ్గిందనుకున్నాను. అంతమంది ఒక్కసారిగా ఎందుకు తగ్గిస్తారని ఒక్కరోజు కూడా అనుకోలేదు.

జూలై 7

చెవి పరీక్ష. అద్దాల గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినపడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. నొక్కుతూ ఉన్నాను. ఆ తర్వాత చాలాసేపు నొక్కలేదు. అద్దం అవతల పరీక్ష చేసే అమ్మాయి చేతులు మాత్రం కదులుతూనే ఉన్నాయి. అంటే శబ్దాలు వస్తూనే ఉన్నాయన్నమాట. ఏదో ఒకటి నొక్కేద్దామా అనిపించింది. ఈ వయసులో కాపీ కొట్టాలన్న ఆలోచన.

కాగితం మీద గీత నేరుగా వచ్చి వచ్చి ఒకచోట మెట్లమీంచి జారిపడ్డట్టు కిందికి పోయింది.

"మీకు శబ్దం పోలేదండీ. శబ్దానికి అంచులు పోయాయి. స, శ, ష, ఫ, పక్షి కూతలు, అలారాలు అన్నీ ఆ అంచు మీదే ఉంటాయి. మాట వినిపిస్తుంది, తెలియదు. వయసు వల్ల కొంత, ఇన్నేళ్ళ హెడ్‌ఫోన్ వల్ల కొంత. చెవికి యంత్రం పెట్టుకుంటే మాట తెలుస్తుంది."

"నా పనికి సరిపోతుందా?"

"ఏం పని?"

చెప్పాను. ఆ అమ్మాయి కాగితం మడతపెట్టింది. "మాటకి సరిపోతుంది" అంది మళ్ళీ.

జూలై 8

ఇన్‌చార్జి మేడమ్‌కి చెప్పాలి.

జూలై 9

రేపు చెప్పాలి. యంత్రం వచ్చాక చెబితే నయమేమో. యంత్రం పెట్టుకుని ఒకసారి విని చూసి, అప్పుడు.

జూలై 11

ఇన్‌చార్జి మేడమే ఫోన్ చేసింది. "చదివే ఆవిణ్ణి మార్చేద్దామనుకుంటున్నామండీ. ఆవిడే తప్పుకుంటానన్నారు. మీరేమంటారు?"

"మీ ఇష్టం" అన్నాను.

మీ ఇష్టం అన్నాను.

జూలై 12

అన్నం ముందు కూర్చున్నాను, సయించలేదు. మా ఆవిడ ఎదురుగా కూర్చుని, "ఆ పిల్లకి చెప్పారా?" అంది. ఏ పిల్లకి అని అడగలేదు. వినపడనట్టు ఊరుకున్నాను. ఇన్నాళ్ళూ నిజంగా వినపడక ఊరుకున్నాను, ఇవాళ వినపడీ ఊరుకున్నాను. తనకి రెండిటికీ తేడా తెలుసు. లేచి కంచం తీసేసింది.

జూలై 14

డాక్టరమ్మ క్లినిక్‌కి వెళ్ళాను. ఎదురుగా నిలబడి చెప్పాల్సిన మాట ఇది, ఫోన్‌లో కాదు. బయట కూర్చున్న అమ్మాయి పేరు, వయసు, ఏ పన్ను అని అడిగింది. పన్ను కాదమ్మా అన్నాను. మరి చిగురా అంది. నాలుగైదు సార్లు నేను ఏదో అనడం, ఆ అమ్మాయి ఏదో అనడం అయ్యాక చూస్తే ఆ వాలు కుర్చీలో పడుకుని ఉన్నాను.

పక్క కుర్చీలో ఎవరికో పన్ను తొలుస్తున్నారు. ఆయన కుర్చీ చేతుల్ని పట్టుకుని వణికిపోతున్నాడు. నాకు ఆ యంత్రం చప్పుడు దూరంగా ఎవరో కుట్టుమిషన్ తొక్కుతున్నట్టు మెత్తగా ఉంది. దీనికి జనం ఎందుకింత భయపడతారనుకున్నాను. అంతలోనే ఎందుకో అర్థమై, ఆయనకన్నా నాకే భయమేసింది.

డాక్టరమ్మ వచ్చింది. మూతికి మాస్కు. ఏదో అంది. మళ్ళీ అంది. కళ్ళు నవ్వుతున్నాయి, మాట ఒక్కటీ తెలియలేదు. పెదవులు చూసి వింటున్నానని అప్పటిదాకా నాకే తెలియదు.

"అమ్మా, ఆ మాస్కు ఒక్కసారి తీస్తారా? నాకు వినపడటం లేదు."

తీసింది.

"నిజంగానే వినపడటం లేదు. స వినపడదు. మీరు సరిగ్గానే చదివారు. మొదట్నుంచీ సరిగ్గానే చదివారు. నేనే నాకు వినపడేదాకా పెంచుకుంటూ పోయాను. ఆ బుస మీది కాదు, నేను పెట్టింది."

ఇంకా ఏదో చెప్పాలని తయారుచేసుకుని వెళ్ళాను. ఏదీ గుర్తు రాలేదు. వాలు కుర్చీలో పడుకుని చెప్పడం ఎంత కష్టమో. లేవబోతే దీపం నుదుటికి తగిలింది.

డాక్టరమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. ఓదారుస్తుందనుకున్నాను. కోపం వచ్చింది ఆవిడకి.

"నేను రోజూ అద్దం ముందు నిలబడి స, శ, ష అంటున్నానండీ. బడి పిల్లలా. మా అత్తగారు వచ్చి, ఏమైందమ్మా అని దిష్టి తీసినంత పని చేసింది. పేషెంట్లతో మాట్లాడాలంటే సిగ్గేస్తోంది. మా అమ్మకి ఫోన్ చేసి, చిన్నప్పుడు నాకు నత్తి ఉండేదా అని అడిగాను."

"తప్పు నాది."

"మీదే." చేతి తొడుగులు లాగి పడేసింది. "మేడమ్‌కి చెప్పారా?"

"మీకే ముందు."

"అయితే ఇక్కణ్ణుంచే చెయ్యండి. నేను మార్చనివ్వను ఆ పుస్తకం. ఓడ మధ్య సముద్రంలో ఉంది, నేను దిగను."

అక్కడే కూర్చుని ఫోన్ చేశాను. డాక్టరమ్మ స్పీకరు పెట్టి, నాకు తెలియని మాట వచ్చినప్పుడల్లా పెదవులతో అందిస్తూ ఉంది. ఇన్‌చార్జి మేడమ్ అంతా మొదట్నుంచి మళ్ళీ చెప్పమంది. తర్వాత అడిగింది, కిందటేడాది పుస్తకాలు కూడా ఇలాగేనా అని. ఎప్పట్నుంచి చెడిందో నాకే తెలియదన్నాను. అన్నీ మళ్ళీ వినిపించి చూడాలంది. అసలు రికార్డింగులు ఉన్నాయా? ఉన్నాయి. ముట్టుకోనివి విడిగా దాచాను. ఆ ఒక్క జవాబూ తలెత్తి చెప్పగలిగాను.

"సరే. మీరు చెయ్యకుండా ఎవరు చేస్తారో నాకు తెలియదు, మీరు ఒక్కరే చేస్తే ఎలాగో కూడా తెలియదు. ఆలోచించనివ్వండి" అంది.

లేచి వస్తుంటే డాక్టరమ్మ, "ఎక్కడికండీ? ఎలాగూ వచ్చారుగా, నోరు తెరవండి" అంది. పై వరసలో ఒకటి పుచ్చిందట.

జూలై 19

యంత్రాలు వచ్చాయి, రెండు చెవులకీ. గిన్నెలు మోగుతున్నాయి, కాగితాలు మోగుతున్నాయి, నా చెప్పులు మోగుతున్నాయి. మా ఆవిడ మాట తెలుస్తోంది, రేకు డబ్బాలోంచి వచ్చినట్టున్నా. తెలియడమే గొప్ప.

యంత్రం పెట్టుకుని డాక్టరమ్మ పాత ఫైలు విన్నాను. నేను పంపినది.

ఆపేశాను. క్షమించమని అడిగింది ఆ పిల్ల, నన్ను.

జూలై 22

ఇన్‌చార్జి మేడమ్ ఆలోచన తేలింది. నేను కొయ్యాలి, అతకాలి. అది నా చేతులకి తెలుసు. చివరి మాట మాత్రం ఇంకో చెవిది. ఆ చెవి ఎవరిదంటే, ఫిర్యాదు చేసిన టెలిఫోన్ ఆపరేటరుది. డ్యూటీ దిగాక మా ఇంటికే వస్తుందట.

బుర్ర తిరిగింది. బడిలో మార్కులు వేసే మనిషిని ఇంట్లో కూర్చోబెట్టుకున్నట్టు.

జూలై 25

ఆపరేటర్ వచ్చింది. నా ఈడు మనిషి. చేతికర్ర మడిచి సంచిలో పెట్టుకుని, గుమ్మం, కుర్చీ, బల్ల ఒకసారి తడిమి చూసుకుని కూర్చుంది. పుట్టుకతోనే చూపు లేదట.

"నేనేనండీ కంప్లైంట్ ఇచ్చింది. చెవిలో సూదులు గుచ్చినట్టుంది. ఎవరో పగబట్టి చేశారనుకున్నాను."

"పగబట్టలేదండీ. చెవుడు."

"ఆ సంగతి మేడమ్ చెప్పారు. చెవుడైతే క్షమించొచ్చు" అని హాయిగా నవ్వింది.

వంటింట్లోంచి మా ఆవిడ ఏదో అంది. నాకు యంత్రంతో కూడా అందలేదు. ఆపరేటర్ అటు తిరక్కుండానే, "చక్కెర తక్కువండీ" అని జవాబిచ్చింది. మా ఆవిడ గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. ఈ ఇంట్లో తన మాట ఎవరైనా మొదటిసారికే విని ఎన్నాళ్ళయిందో. ఆ తర్వాత ఇద్దరూ మాటల్లో పడ్డారు, నేనూ కంప్యూటరూ మిగిలాం.

పని దగ్గరకొస్తే కొత్త చిక్కు. ఆవిడ ఫైలు తెరవాలి, ఆపాలి, తప్పున్న చోట గుర్తు పెట్టాలి. నేను తెర చూపించి, "ఇక్కడ..." అన్నాను.

"తెర నాకెందుకండీ? అది మాట్లాడాలి. తెర మీదున్నది పైకి చదివే గొంతు ఉందా ఇందులో?"

ఈకలో ఉంది. పెట్టి చూశాం. ఏది నొక్కినా "బటన్" అంటుంది. ఏ బటనో చెప్పదు. బటన్, బటన్, బటన్. "పేరు లేని ఊళ్ళో తిప్పుతున్నట్టుంది" అంది ఆపరేటర్.

తోడల్లుడికి ఫోన్ చేశాను.

జూలై 28

తోడల్లుడు పెన్‌డ్రైవ్‌లన్నీ మళ్ళీ పట్టుకొచ్చాడు. ఈసారి పరీక్ష చేసింది ఆవిడ, మేమిద్దరం పక్కన నిలబడ్డాం.

పిచ్చుకలో చదివే గొంతు అసలు లేదు. తేలికగా ఉండటం కోసం తీసేశారట. "ఇంత తేలికెందుకండీ, నాలాంటివాళ్ళని దింపేసి?" అంది. తోడల్లుడికి పిచ్చుక అంటే ప్రాణం. దాని పెన్‌డ్రైవ్ పీకి జేబులో వేసుకున్నాడు. తర్వాత, దాన్ని తయారుచేసేవాళ్ళకి రాస్తానన్నాడు. ఎవరైనా రాయొచ్చట, లేనివి ఎవరైనా చేసి కలపొచ్చట. రాస్తే చాలదు, కలిపేదాకా వదలొద్దు అంది ఆవిడ.

తాబేలు పెట్టాం. ఒక మీట నొక్కగానే మాట్లాడటం మొదలుపెట్టింది. ఏ బటను మీద ఉందో, ఏ ఫైలో, ఎన్ని నిమిషాలైందో, అన్నీ. ఆవిడ దాని వేగం పెంచింది, ఇంకా పెంచింది. రేకు మీద వడగళ్ళు పడ్డట్టుంది. నాకు యంత్రంతో కూడా ఒక్క ముక్క తెలియలేదు. తోడల్లుడికీ తెలియలేదు, వాడి చెవులు మంచివే.

"అర్థమవుతోందా అండీ?" అన్నాడు వాడు.

"నెమ్మదిగా ఉందే, ఇంకా పెరగదా?"

పాత డబ్బా ఎక్కడా తడబడలేదు. తాబేలునే వేశాం. మొదటి రోజే వద్దన్నది. శబ్దం బాగోలేదని రాశాను అప్పుడు. ఒక్కోదాన్నీ శబ్దం కోసమే తీసేశాను, అన్నిటిలోనూ ఒకటే శబ్దం. బాగోలేనిది నాతోపాటు అన్నిట్లోకీ వస్తూనే ఉంది.

ఆగస్టు 3

పని సాగుతోంది. పై స్థాయిలన్నీ మొదటికి తెచ్చేశాను. నేను కోస్తాను, ఆవిడ వింటుంది. తప్పున్నచోట వేలు ఎత్తుతుంది. మొదటి రోజు ఆ వేలు దిగనే లేదు.

"ఇక్కడ ఊపిరి మొత్తం తీసేశారు. మనిషి చచ్చిపోయి చదువుతున్నట్టుంది. కాస్త ఉంచండి."

ఊపిరి తీసేయడమే పనితనం అనుకున్నాను ఇన్నేళ్ళూ.

ఆగస్టు 9

గొడవ. ఒకచోట గుటక ఉందని ఆపరేటర్ అంటుంది, లేదంటాను. శబ్దాన్ని తెర మీద గీసి చూపే రంగుల పటంలో చూపించాను, అంటే మా ఆవిడకి చూపించాను, ఆపరేటర్‌కి చూపించలేను కదా. మా ఆవిడ హెడ్‌ఫోన్ పెట్టుకుని విని, మెల్లగా, "ఉంది" అంది. ఇద్దరూ ఒక్కటయ్యారు.

ఉంది, నిజమే. పటంలోనే చిన్న గీతలా ఉంది. చూసుకోలేదు.

ఆగస్టు 10

ఆపరేటర్ రాలేదు. డ్యూటీ మారిందట. ఇల్లు బోసిగా ఉంది. ఒక్కణ్ణే పని చేద్దామని కూర్చుని లేచాను. వేలు ఎత్తేవాళ్ళు లేకపోతే ఎంత కోసినా నమ్మకం లేదు. ఇదివరకు ఎవరూ లేనప్పుడే నాకు నమ్మకం ఎక్కువ.

ఆగస్టు 16

డాక్టరమ్మ చివరి అధ్యాయాలు చదివి పంపింది. మొదట్లో భయం భయంగా చదివింది, అది నాకు కూడా తెలిసింది. పోనుపోను మరిచిపోయింది. సంస్థ నుంచి కిందటేడాది పుస్తకాల జాబితా కూడా వచ్చింది, వాటిల్లో సగం మళ్ళీ చేయాలి. చేస్తాం.

ఆగస్టు 21

ఇవాళ తిరుగుబాటు అధ్యాయం. తిండి అయిపోయి, చలిలో ఇరుక్కుపోయి, ఓడలో మనుషులు కెప్టెన్ మీద తిరగబడతారు. నేను ఎన్నోసార్లు కోసి, అతికి, పటంలో చూసుకుని, యంత్రంతో విని, యంత్రం తీసి విని తయారుచేశాను. ఆపరేటర్ హెడ్‌ఫోన్ పెట్టుకుంది. నేను ఆ వేలి వంక చూస్తూ కూర్చున్నాను.

లేవలేదు. మొదటి పేజీల్లో ఒక సకారం ఉంది, అక్కడ తప్పకుండా లేస్తుందనుకున్నాను. లేవలేదు. మా ఆవిడ టీ తెచ్చి పెట్టింది, ఆపరేటర్ ముట్టుకోలేదు. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, చలి వేస్తున్నట్టు కొంగు భుజాల చుట్టూ లాక్కుంది. అధ్యాయం అయిపోయింది. తెర మీద గీత చివరికొచ్చి ఆగింది. ఆవిడ కదల్లేదు.

ఇక ఉండబట్టలేక అడిగాను. "ఎలా ఉందండీ?"

"ఏది?"

"శబ్దం."

"శబ్దమా?" హెడ్‌ఫోన్ ఒక చెవి మీంచి జరిపింది. ముఖంలో తప్పు చేసి దొరికిపోయిన కంగారు. "అయ్యో, అది చూడలేదండీ. మరిచేపోయాను. వాళ్ళని ఆ మంచులో దింపేసి పోయాడా ఆ కెప్టెను? ఏమయ్యారు వాళ్ళు? తర్వాతది పెట్టండి ముందు."

పెట్టాను.